బల్లెం ఉంది సరే, పోటు తిన్నవాడు ఏడీ?

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం అనుబంధంలో రష్యా పల్లె బొమ్మల మీద మీరు వేసిన పేజీ చూశాను. ముందుగా థాంక్స్ చెప్పాలి, ఎందుకంటే రష్యా పేరెత్తితే యుద్ధం, చమురు, మెడిసిన్ సీట్లు తప్ప నాలుగో సంగతి పేపర్లలో కనపడటం నాకైతే గుర్తు లేదు. కానీ పేజీ నడిమధ్యలో అంత పెద్దగా వేసిన ఎర్ర గుర్రం బొమ్మ, దాని కింద మీవాళ్లు రాసిన రెండు లైన్లు చూశాక ఊరుకోబుద్ధి కాలేదు. ‘డ్రాగన్‌ను సంహరిస్తున్న సెయింట్ జార్జ్. చదువురాని పల్లెటూరి చిత్రకారుల మొరటు కళ’ అట. అందులో జార్జ్ లేడు. డ్రాగన్ సంగతి తర్వాత చెప్తాను. ఇక మొరటు అన్నారు చూశారూ, ఆ ఒక్క మాట కోసమే ఈ ఉత్తరం ఇంత పొడుగైంది, కాస్త ఓపిక చేసుకోండి.

ఆ గుర్రం మీద ఉన్నది మిఖాయేలు. ప్రధాన దూత, దేవదూతల సైన్యానికి సేనాపతి. రష్యన్లు ఈ రకం ఐకాన్‌ని, అంటే చెక్క మీద వేసే పూజా చిత్రాన్ని, ‘భీకర సేనల సేనాపతి మిఖాయేలు’ అంటారు. జార్జ్ మనిషి, రోమన్ సైన్యంలో పనిచేశాడని చెప్పే సైనికుడు, కాబట్టి ఆయనకి రెక్కలుండవు. ఆయన గుర్రం కూడా మామూలుగా తెల్లది. మీరు వేసిన బొమ్మలో రౌతుకీ రెక్కలున్నాయి, గుర్రానికీ రెక్కలున్నాయి. రెండు జతల రెక్కలు ఎదురుగా పెట్టుకుని కూడా జార్జ్ అని రాశారంటే, రాసినాయన బొమ్మ వైపు చూడలేదనే నా అనుమానం. కోప్పడకండి.

అయినా నా బాధ పేరు గురించి కాదు. పేర్లు అందరం తప్పు రాస్తాం. బొమ్మని కోసేశారు, అదీ బాధ. పేజీలో అడ్డంగా ఇమడాలని కాబోలు పైన కొంచెం, కింద చాలా కత్తిరించారు. దాంతో ఏమైందంటే, మిఖాయేలు చేతిలోని పొడవాటి బల్లెం ఏటవాలుగా దిగుతూ దిగుతూ వచ్చి మీ పేజీ అంచు దగ్గర ఆగిపోయింది. ఎవరిని పొడుస్తున్నాడో తెలీదు. ఈ ఐకాన్ ఏ చెయ్యి వేసినా అమరిక దాదాపు ఒకటే కాబట్టి ఆ అంచు కింద ఏముండి ఉంటుందో నేను చెప్పగలను. అక్కడ దెయ్యం పడి ఉంటాడు. నల్లటి ఒళ్లు, చెదిరిన జుట్టు, చుట్టూ కూలిపోతున్న ఊరు, పక్కకి ఒరిగిన బురుజులు, వాటిని ముంచేస్తున్న నీళ్లు. పైన మీరు ఎగరగొట్టిన మూలలో ఒక చిన్న బలిపీఠం, దాని దగ్గర బాలుడి రూపంలో క్రీస్తు ఉంటారు. అంటే ఎవరి తరఫున యుద్ధం చేస్తున్నాడో ఆయన్ని తీసేశారు, ఎవరి మీద చేస్తున్నాడో వాణ్నీ తీసేశారు. వాదినీ ప్రతివాదినీ కోర్టు బయటికి పంపేసి వకీలు ఒక్కడికే ఫొటో తీసినట్టుంది.

డ్రాగన్ అన్నది మరీ తప్పేం కాదు, బైబిల్ చివరి పుస్తకం ప్రకటన గ్రంథంలో ఘటసర్పం అంటే సాతానేగా అని మీరు అడగొచ్చు. నిజమే. కానీ ఆ ముక్కని కోసింది మీరే కదా!

సరే, మిగిలిన ముక్కలో కూడా చూడటానికి బోలెడుంది. మిఖాయేలుకి ఉన్నవి రెండు చేతులు. ఇప్పుడు వస్తువులు లెక్కపెట్టండి. బల్లెం, సువార్త పుస్తకం, ధూపార్తి, నోటి దగ్గర బూర. పైగా వీపు వెనకనుంచి ఒక ఇంద్రధనుస్సు, విల్లు వంచి మెడలో వేసుకున్నట్టు. బొమ్మ వేయడం రాక ఇన్ని ఇరికించారనుకుంటే పొరపాటు. ప్రకటన గ్రంథం చదివినవాళ్లకి ఇవన్నీ తెలిసిన సరుకే. 12వ అధ్యాయంలో మిఖాయేలు తన దూతలతో వెళ్లి ఘటసర్పంతో యుద్ధం చేస్తాడు, బల్లెం అక్కడిది. 8వ అధ్యాయంలో సువర్ణ ధూపార్తి పట్టుకుని బలిపీఠం ముందు నిలబడే దూత వేరే ఆయన, ఆయన పేరు చెప్పలేదు. బూరలు ఊదేవాళ్లు ఏడుగురు. తలమీద ఇంద్రధనుస్సుతో మేఘం కట్టుకుని దిగివచ్చే దూత 10వ అధ్యాయంలో, నిత్యసువార్త తీసుకుని ఆకాశంలో ఎగిరే దూత 14వ అధ్యాయంలో. ఇంతమంది పని తెచ్చి ఒక్క మిఖాయేలు నెత్తిన పెట్టారు రష్యన్ చిత్రకారులు. అది వాళ్ల సొంత బుర్రలోంచి ఊడిపడింది కూడా కాదు. కప్పదొకియలోని కైసరయ బిషప్ అంద్రెయ ప్రకటన గ్రంథానికి రాసిన వ్యాఖ్యానం రష్యాలో బొమ్మలతో సహా చేతిరాత ప్రతులుగా తిరిగింది, ఈ ఐకాన్‌కి మూలం అందులోనే ఉందని ఆ కళని చదివినవాళ్లు చెప్తారు. చదువురానివాళ్లు అన్నారే, ఆ ఒక్క బొమ్మ విప్పుకోవాలంటే మనకి ఎంత చదువు కావాలో చూడండి.

ముఖం ఎందుకంత ఎర్రగా ఉందో కూడా మీవాళ్లు రాయలేదు. చూసినవాళ్లకి కోపమనిపిస్తుంది, కొంతమందికి ఇంకేదో అనిపించి నవ్వుకుని కూడా ఉంటారు. అది నిప్పు. దేవుడు అగ్నిజ్వాలలను తన పరిచారకులుగా చేసుకున్నాడని కీర్తనల్లో ఉంది కదా, దాన్ని ఉన్నదున్నట్టు రంగులో పెట్టారు. ముఖం ఎరుపు, గుర్రం ఎరుపు, రెక్కలు ఎరుపు. ఇదే మిఖాయేలుని పాతకాలపు గొప్ప రష్యన్ ఐకాన్ చిత్రకారుడు ఆంద్రే రుబ్లేవ్ ఎలా వేశాడో మీ లైబ్రరీలో ఏదో ఒక పుస్తకంలో దొరుకుతుంది. జ్వెనిగోరోద్‌లో 1918లో దొరికి ఇప్పుడు మాస్కోలోని త్రెత్యాకోవ్ గ్యాలరీలో ఉన్న ఐకాన్‌ని ఆయనదనే చాలాకాలంగా చెప్తున్నారు. అందులో సేనాపతికి కత్తి లేదు, గుర్రం లేదు, మెడ కొంచెం వంచి ఏదో ఆలోచిస్తున్న కుర్రాడిలా ఉంటాడు. గొప్ప బొమ్మ, కాదన్నవాడు లేడు. కానీ ఆ మిఖాయేలు వేరు, ఈ మిఖాయేలు వేరు, ఈయన్ని ఇంట్లో పెట్టుకున్నవాళ్ల అవసరం వేరు.

ఆ ఇళ్లు ఎవరివో తెలిస్తే ఈ బొమ్మలో అంత టెన్షన్ ఎందుకుందో తెలుస్తుంది. 1652లో నికోన్ మాస్కోకి పాట్రియార్క్, అంటే రష్యన్ చర్చికి పెద్ద, అయ్యాడు. అయిన మరుసటేడే పూజా పద్ధతుల్లో మార్పులు మొదలుపెట్టాడు. శిలువ గుర్తు రెండు వేళ్లతో కాదు మూడు వేళ్లతో వేసుకోవాలి, యేసు పేరు స్పెల్లింగ్ మార్చి రాయాలి, ఇట్లాంటివి. మనకి చిన్న విషయాల్లా కనిపిస్తాయి. కానీ తాతముత్తాతలు చేసింది తప్పని ఒక్క ఆర్డరుతో చెప్పేసరికి జనం రెండుగా చీలిపోయారు. పాత పద్ధతి వదలని వాళ్లని పాత విశ్వాసులు అన్నారు. 1666, 67ల్లో చర్చి సభ పెట్టి వాళ్లని వెలివేసింది. అందులో 666 అంకె చూశారా, ప్రకటన గ్రంథంలో క్రూరమృగం సంఖ్య అదే, అసలే భయంతో ఉన్నవాళ్లకి అంత్యకాలం వచ్చేసిందనిపించడంలో వింతేముంది. వాళ్ల నాయకుల్లో ఒకడైన ప్రోతోపోప్ (పెద్ద పూజారి) అవ్వాకుమ్‌ని ఉత్తరాన పుస్తోజెర్స్క్‌లో ఏళ్ల తరబడి నేలమాళిగలో ఉంచి 1682లో సజీవంగా తగలబెట్టారు. అడవుల్లోకీ దూర దేశాలకీ పారిపోయినవాళ్లకి పూజగదిలో ఏ బొమ్మ కావాలి? మెడ వంచి ఆలోచించే కుర్రాడు సరిపోడు. బూర ఊదుతూ, ఊళ్లు కూల్చుతూ వచ్చే మిఖాయేలు కావాలి. 17వ శతాబ్దం నుంచి 19 దాకా ఈ ఐకాన్ పాత విశ్వాసుల ఇళ్లలో అంతగా ఎందుకు తిరిగిందంటే ఇదీ సంగతి.

ఇంకొక మాట. అవ్వాకుమ్ తన కాలంలో కొత్తగా వస్తున్న బొమ్మల్ని ఘోరంగా తిట్టాడు. బుగ్గలు ఉబ్బి, పెదవులు ఎర్రగా, కండలు తిరిగి, జర్మన్ వాడిలా ఉన్నాడు క్రీస్తు, నడుముకి కత్తి ఒక్కటే తక్కువ అన్న ధోరణిలో. అంటే పడమటి దేశాల తీరులో వెలుగునీడలు పెట్టి, నిజం మనిషిలా వేయడం రష్యాలో అప్పటికే వచ్చేసింది. జార్ కొలువులోని చిత్రకారులు అలా వేస్తున్నారు కూడా. ఈ పల్లెటూరి వాళ్లు చూసి, వద్దనుకుని, పాత పద్ధతిలోనే ఉండిపోయారు. రానివాడు వేరు, వద్దన్నవాడు వేరు. మొరటు అనే మాట మొదటివాడికి కూడా అన్యాయమే, రెండోవాడికైతే మరీను.

ఇక పనితనం. మాస్కోకి తూర్పున, ఒకప్పటి వ్లాదిమిర్ ప్రాంతంలో మూడు ఊళ్లు ఉన్నాయి, పాలేఖ్, మ్స్త్యోరా, ఖొలూయ్. జార్ల కాలంలో ఐకాన్లు వేయడమే అక్కడ బతుకుతెరువు. నేను తొంభైల్లో ఇవానోవోలో ఆరేళ్లు మెడిసిన్ చదివాను, పాలేఖ్ అక్కడికి సుమారు 65 కిలోమీటర్లు, సెలవు దొరికితే బస్సెక్కేవాణ్ని. అక్కడ పెద్దవాళ్లు చెప్పగా విన్నదీ, తర్వాత చదువుకున్నదీ కలిపి చెప్తున్నాను. ముందు చెక్క. లిండెన్ లాంటిది, బాగా ఆరినది. అది వంగిపోకుండా వెనక అడ్డంగా రెండు పట్టీలు దిగ్గొడతారు. ముందు వైపు మధ్యలో కొంచెం లోతుగా చెక్కి చుట్టూ అంచు వదులుతారు. దానిమీద జిగురుతో బట్ట అతికిస్తారు. బట్టమీద సుద్దపొడీ జిగురూ కలిపి పూత, అది ఆరాక ఇంకో పూత, ఇలా ఎన్నో పూతలు, ఆ పైన ఏనుగుదంతంలా నున్నగా వచ్చేదాకా రుద్దుడు. దీనికే వారాలు పడుతుంది, ఇంకా రంగు డబ్బా మూత తీయలేదు!

తర్వాత నమూనా. పాత ఐకాన్ గీతల మీద వెల్లుల్లి రసంలో కలిపిన మసితో గీసి, దానిమీద తడి కాగితం నొక్కితే బొమ్మ కాగితం మీదికి దిగుతుంది. ఆ కాగితాలు తండ్రినుంచి కొడుక్కి ఆస్తిలా వచ్చేవి. ఈ ఐకాన్ ఎక్కడ చూసినా అమరిక ఒకటే ఉంటుందన్నానే, కారణం ఇదే. రంగులు గుడ్డు పచ్చసొనలో కలుపుతారు. బట్టలు, గుర్రాలు, కొండలు, మేడలు వేసేవాడు ఒకడు, ముఖాలూ చేతులూ వేసేవాడు ఇంకొకడు. వాళ్లకి విడివిడిగా పేర్లు కూడా ఉన్నాయి, ముఖాలవాడు ‘లిచ్నిక్’, ముఖానికి ముందు పని చేసేవాడు ‘దొలిచ్నిక్’. చివర్న అవిసె నూనె కాచి పూస్తారు. మధ్యలో ఎవరికీ ఇష్టం వచ్చినట్టు గీసే వీలు లేదు, ఎవరికి ఏ రంగు వస్త్రం, ఏ వయసు, ఎలాంటి గడ్డం అన్నది చెప్పే నమూనా పుస్తకాలు ఉన్నాయి. పాత గ్రీకు చిత్రకారుల్లా, రుబ్లేవ్‌లా వేయండి, సొంత తెలివి వద్దు అని 1551 నాటి మాస్కో చర్చి సభే తీర్మానం చేసింది.

నేనేమీ ఆ ఊళ్లని గుడి కట్టి పూజించమనడం లేదు. చవక సరుకు కూడా అక్కడే తయారైంది. ముఖ్యంగా ఖొలూయ్‌లో. రెండు మూడు రంగులు, ఎక్కువగా ఎర్రమట్టి రంగు, గబగబా నాలుగు గీతలు, అయిపోయింది. బంగారం బదులు వెండి రేకు పెట్టి పైన పసుపు వార్నిష్ కొట్టేవాళ్లు. ఇంకా గడుసువాళ్లైతే పైన రేకు తొడుగు వస్తుంది కదా, ఎవరు చూడొచ్చారని ముఖం, చేతులు మాత్రం వేసి మిగతా చెక్క ఖాళీగా వదిలేసేవాళ్లు. ఓఫేన్యా అనే తిరుగుడు వ్యాపారులు వాటిని బండ్లకెత్తుకుని దేశమంతా అమ్మేవాళ్లు. వాళ్ల మోసాల మీద కూడా కథలున్నాయి. ఒకడు ఐకాన్ అమ్మి పోతాడు, వెనకే ఇంకొకడు వచ్చి అయ్యో ఇది నరకపు బొమ్మ అని పైరంగు గీరి చూపిస్తాడు, అడుగున నిజంగానే దెయ్యం ఉంటుంది, రైతు హడలిపోయి దాన్ని వాడికే ఇచ్చేస్తాడు! కాబట్టి మొరటు సరుకు లేదనడం లేదు. మీరు వేసిన బొమ్మ మాత్రం అందులోది కాదు. గుర్రం జూలు చూడండి, వెంట్రుక వెంట్రుక విడిగా ఉంది. రెక్కల మీద బంగారు గీతలు సూదితో గీసినట్టున్నాయి.

ఒక ఐకాన్‌ని దగ్గరగా చూసిన సంగతి చెప్తాను. నా క్లాస్‌మేట్ ఒకతని అమ్మమ్మ ఉండేది పాలేఖ్ దారిలో ఒక పల్లెలో. కట్టె ఇల్లు. గదిలో ఒక మూల, వాళ్లు ‘క్రాస్నీ ఊగల్’ అంటారు, ఎర్ర మూల అని కాదు, అందమైన మూల అని పాత అర్థం, అక్కడ అల్మరా మీద మసిబారిన చెక్క. మొదట నాకేమీ కనపడలేదు. నల్లటి పలక, అంతే. అవిసె నూనె పూత ఎనభై, తొంభై ఏళ్లలో అలా నల్లబడిపోతుంది, పైనుంచి కొవ్వొత్తి మసి ఒకటి. ఆమె కిటికీ దగ్గరికి తెచ్చి ఏటవాలుగా పట్టుకుంటే అప్పుడు తేలింది, ముందు గుర్రం మెడ, తర్వాత బూర, తర్వాత కన్ను. కింది అంచున కన్నీటి బొట్టు ఆకారంలో కాలిన మచ్చ, ఎప్పుడో కొవ్వొత్తి మరీ దగ్గరగా పెట్టారు. ఇక దెయ్యం ముఖం ఉండాల్సిన చోట తెల్లగా ఉంది. గీకేశారు. మేకుతోనో, గోటితోనో, సుద్ద బయటపడేదాకా. ఎవరు చేశారమ్మా అంటే, చిన్నప్పుడు నేనూ గీకాను, మా అమ్మ కూడా గీకి ఉంటుంది అంది. రష్యాలో పాత ఐకాన్ల మీద, చేతిరాత పుస్తకాల్లో దెయ్యాల కళ్లు, ముఖాలు ఇలా చెరిపేసి ఉండటం మామూలేనని తర్వాత తెలిసింది. వాళ్లూ దెయ్యాన్ని తీసేశారు, మీరూ తీసేశారు. తేడా ఏమిటంటే వాళ్లు వాడు అక్కడున్నాడని నమ్మి తీశారు.

ఇది ఎంతకి కొన్నారు అని అడిగాను, కుర్రతనం. మా వాడు మోచేత్తో పొడిచాడు. ఐకాన్‌ని కొన్నాం అనకూడదట, ‘మార్చుకున్నాం’ అనాలట, డబ్బిచ్చినా సరే. ఇంకో సంగతి కూడా అక్కడే నేర్చుకున్నాను, రష్యన్‌లో ఐకాన్ ‘రాస్తారు’, అక్షరాలు రాయడానికీ రంగుల బొమ్మ వేయడానికీ క్రియ ఒకటే. నాకు అదేమీ కొత్తగా అనిపించలేదు, పాత తెలుగులో కూడా చిత్తరువు వ్రాయడమే కదా.

ఇంకో ఐకాన్ కూడా ఆమె దగ్గర ఉండేది, చిన్నది. అందులో ఇదే మిఖాయేలు నేలమీద నిలబడి ఒక తెల్ల గుర్రం, ఒక నల్ల గుర్రం పగ్గాలు పట్టుకుని ఇద్దరు సెయింట్లకి అప్పగిస్తున్నాడు. వాళ్లు ఫ్లోర్, లావ్ర్, రష్యన్ రైతుల లెక్కలో గుర్రాలని కాపాడేవాళ్లు. ఊళ్లు కూల్చే సేనాపతి ఇక్కడ తప్పిపోయిన గుర్రాలు వెతికి తెచ్చి ఇస్తాడు. దున్నుకునే రైతుకి రెండు పనులూ కావాల్సినవే.

1917 విప్లవం తర్వాత ఐకాన్ గిరాకీ పోయింది. పాలేఖ్ చిత్రకారులు 1924లో సంఘం పెట్టుకుని కాగితపు గుజ్జుతో చేసిన నల్ల డబ్బాల మీద జానపద కథలు వేయడం మొదలుపెట్టారు, అదే పచ్చసొన, అదే సన్న కుంచె. మీ పేజీలో కుడివైపు ‘రష్యన్ ఆభరణాల పెట్టె’ అని చిన్నగా వేశారే, అది ఆ రకానిదే. దానిమీద పరిగెత్తే ఎర్ర గుర్రాలనీ మధ్యలోని మిఖాయేలు గుర్రాన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. అదే మెడ వంపు, అవే సన్న కాళ్లు, రెక్కలు మాత్రం లేవు. ఒకే పేజీలో ఆ రెండూ వేసి చుట్టరికం చెప్పకుండా వదిలేశారు. పాపం, తెలియక.

నేను అడిగేది ఇంతే. సవరణ అని ఎక్కడో ఏడో పేజీ అడుగున ‘జార్జ్ బదులు మిఖాయేలు అని చదువుకోగలరు’ అని రెండు లైన్లు వేయకండి. బొమ్మని మళ్లీ వేయండి, పూర్తిగా, నిలువుగా, అంచులతో సహా. చోటు చాలకపోతే ఈ ఉత్తరాన్ని సగానికి కోయండి, నాకేం అభ్యంతరం లేదు. మిఖాయేలుని రష్యన్ ఆర్థడాక్స్ వాళ్లు తలుచుకునే రోజు నవంబరు 21, పాత రష్యన్ క్యాలెండర్ ప్రకారం నవంబరు 8. ఆ వారం అనుబంధంలో వేస్తే సందర్భం కూడా కుదురుతుంది. పై మూలలో క్రీస్తు పక్కన అక్షరాలు ఉంటాయి, అవి చదవగలిగేలా కొంచెం పెద్ద సైజులో వేయండి. యేసు పేరుకి రెండే అక్షరాలుంటే పాత విశ్వాసుల చెయ్యి, మధ్యలో ఇంకొకటి చేరి మూడుంటే నికోన్ తర్వాతి చర్చి పద్ధతి. మీరు వేసింది ఏదో చూడాలని నాకు మహా కుతూహలంగా ఉంది, ఆ మూలే కోసేశారు మరి.

ఇట్లు,
మీ పాత పాఠకుడు